మందస కొండల్లోని ఎత్తైన జలపాతానికి కాలినడకన వెళ్లడం ఎలా?

చంపావతి ఒడ్డు (విజయనగరం)
అందరికీ నమస్కారం. కారు దిగి, మెట్లెక్కి, ఫొటో తీసుకొని వచ్చేసే జలపాతాలతో విసిగిపోయాం. అడవిలో రెండు మూడు గంటలు నడిస్తే గానీ కనపడనిది, కాస్త ఎత్తు నుంచి దూకేది మన దగ్గరలో ఉందా? శ్రీకాకుళం జిల్లా మందస వెనక కొండల్లో ఒకటి ఉందని, ఎత్తు రెండు వందల అడుగులని ఒక వీడియోలో చూశాను. అందులో పాట ఉంది గానీ దారి గురించి ఒక్క ముక్క లేదు. మేం నలుగురం. మా చిన్నాన్నగారికి అరవై దాటాయి, కానీ రోజూ తెల్లవారుజామున కోట చుట్టూ నడిచే మనిషి. ఆగస్టులో వెళ్లాలా, దసరా తరవాతా? వెళ్లివచ్చినవారు చెప్పండి.

ఉద్దానం జీడి (హరిపురం)
ఆ వీడియో నేనూ చూశాను. జలపాతం నిజమే, అడుగులు మాత్రం నమ్మకండి. మహేంద్రగిరి వైపు కొండవరస నుంచి దిగే గెడ్డ, అంటే కొండవాగు అది. మందస దాటాక కొండ కింద ఉన్న సవర గిరిజనుల గూడెం వరకు ఆటో వెళుతుంది, అక్కడి నుంచి నడకే. మొదట జీడితోటల మధ్య బండిబాట, చిన్నపిల్లలైనా నడుస్తారు. తోటలు అయిపోయాక అసలు అడవి మొదలవుతుంది. గెడ్డను మూడు చోట్ల దాటాలి. మొదటి రెండు చోట్లా రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ పోవచ్చు. మూడోచోట నీళ్లలో దిగక తప్పదు. దాని తరవాత వేళ్లు పట్టుకొని ఎక్కే నిటారు దారి ఒకటి ఉంది, చిన్నది, కానీ ఊపిరి తీసేస్తుంది.

ఇంకొక మాట. ఫోనులో కనిపించే దారిగీతను నమ్మి వెళ్లవద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. జీడి, కొబ్బరి మాట అందరికీ తెలుసు. కొండల్లో పడిన చెట్ల సంగతి ఎవరూ లెక్కపెట్టలేదు. పాత కాలిబాట సగం వాటి కింద పోయింది. ఇప్పుడు మనుషులు నడుస్తున్న దారి వేరు.

కాలం సంగతి అడిగారు. దసరా తరవాతే మేలు.

నాగావళి గాలి (శ్రీకాకుళం)
దసరా తరవాత అని గుడ్డిగా చెప్పేయకండి అన్నా. మనకు అక్టోబరు అంటే తుపాన్ల నెల. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ సంగతి మీరే చెప్పారు. నైరుతి వానలు తగ్గుముఖం పట్టాయని బయలుదేరితే బంగాళాఖాతంలో అల్పపీడనం పుడుతుంది. నెల కాదు, వారం చూసుకోవాలి. అల్పపీడనం కబురు లేకుండా, మూడు నాలుగు రోజులు ఎండ కాసిన వారం దొరికితే అది ఆగస్టైనా నవంబరైనా ఒకటే.

బాలు_బండి
లొకేషన్ పెట్టండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

పెద్దగెడ్డ పక్క ఊరు
మిగతాది మీరు చూసుకోలేరు బాబూ, అందుకే పెట్టం.

మాది మీరు చెప్పుకుంటున్న గూడెమే. పేరు రాయను. చదువుకోసం ఇప్పుడు పలాసలో ఉంటున్నాను, ఆదివారాలు ఇంట్లో ఉంటాను. కొన్ని విషయాలు చెప్పాలి, వరసగా చెప్పడం నాకు రాదు.

మీరు జలపాతం అంటున్న నీళ్లే మాకు తాగునీళ్లు. పైన చిన్న అడ్డుకట్ట కట్టి, గొట్టం వేసి కిందికి దించుకున్నాం. మోటారు లేదు, కరెంటు ఖర్చు లేదు, వాలే పనిచేస్తుంది. పైన ఎవరైనా షాంపూ రుద్దుకుంటే కింద మా అమ్మ బిందెలో నురుగు వస్తుంది. పోయిన ఏడాది సీసాలు పగలగొట్టి వెళ్లారు, గొర్రెలు కాసే కుర్రవాడి పాదం తెగింది. లొకేషన్ పెట్టమనేవారికి ఇది ముందుగా చెబుతున్నాను.

వాన సంగతి. మీ తల మీద ఎండ ఉంటే వాన లేదనుకోవద్దు. గెడ్డకు కావలసింది పైన కురిసిన వాన. మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1501 మీటర్లు, అక్కడ మబ్బు పట్టిందంటే కింద మాకు చెమట పడుతుండగానే నీరు పెరుగుతుంది. ముందు రంగు మారుతుంది. తరవాత ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. ఆ తరవాత చప్పుడు. చప్పుడు వినపడేదాకా ఆగినవాడు ఆలస్యం చేసినట్టే. రంగు మారగానే ఊరివైపు గట్టుకు వచ్చేయాలి. అవతలి గట్టున చిక్కుకుంటే ఈదాలని చూడకుండా ఎత్తైన చోట కూర్చోవాలి. చిన్న గెడ్డ ఎంత తొందరగా పొంగుతుందో, వాన ఆగాక అంత తొందరగానూ తగ్గుతుంది. ఆకలి వేస్తుంది, అంతే.

తోడు లేకుండా వెళ్లవద్దు. ఊళ్లో ఎవరినైనా అడగండి, వస్తారు. ఎంత ఇవ్వాలో బయలుదేరే ముందే మాట్లాడుకోండి. ఆ రోజు అతను జీడితోటలో పని మానుకొని వస్తున్నాడు. టీ తాగించి పంపేస్తే అది కూలీ కాదు.

చంపావతి ఒడ్డు
తమ్ముడూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఎలుగుబంట్ల మాట విన్నాను. నిజమేనా, భయపెట్టడానికి చెబుతారా?

ఉద్దానం జీడి
నిజమే. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు ఎవరిని అడిగినా ఏదో ఒక ఇంటి పేరు చెబుతారు. పనసపండ్లు, జీడిపండ్లు పండే రోజుల్లో తోటల్లోకే దిగుతాయి. మా వీధిలో తెల్లవారకముందు తోటకు వెళ్లేవారు ఇప్పటికీ డబ్బా వాయించుకుంటూ పోతారు.

పెద్దగెడ్డ పక్క ఊరు
ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు. దాని చూపు అంతంత మాత్రం. చెదపుట్ట తవ్వుకుంటూ ఉంటే మనం పక్కకు వచ్చేదాకా తెలియదు. తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది. అందుకే మాట్లాడుకుంటూ నడవండి. పాటల పెట్టె మాత్రం తేకండి, దానివల్ల ఎలుగుకు మీరు వినపడతారు గానీ మీకు గెడ్డ వినపడదు. తెల్లవారుజామున, సందె వేళ దారిలో ఉండవద్దు. పిల్లలున్న తల్లి కనిపిస్తే ఫోను తీయకుండా, పరుగెత్తకుండా, మెల్లగా వెనక్కి రావాలి. మధ్యాహ్నం మూడు తరవాత పైన ఎవరూ ఉండకూడదన్నది మా ఊళ్లో పెద్దవాళ్ల మాట.

బాలు_బండి
అడవి ఎవరి సొత్తూ కాదు. ప్రజలది. దారి దాచిపెట్టే హక్కు ఎవరికి ఉంది?

నాగావళి గాలి
ప్రజలదే. ఆ ప్రజల్లో గూడెంవాళ్లు లేరా? పైగా రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టడం రాష్ట్ర అటవీ చట్టం (1967) ప్రకారం నేరం. ముందు రేంజి కార్యాలయంలో అడగండి. వాళ్లు వద్దంటే ఆ రోజుకు బారువ వెళ్లి సముద్రం చూసి రండి. ఈ కొండల నుంచి దిగే మహేంద్రతనయ అక్కడే కలుస్తుంది, నీళ్లు ఎలాగూ చూసినట్టే.

నిర్వాహకులు
లొకేషన్ గురించి చర్చ ఇక్కడితో ఆపండి. ఈ వేదికలో ఊరి పేరు, పటంలో గుర్తు పెట్టకూడదని ముందే అనుకున్నాం. బాలుగారూ, మూడో హెచ్చరిక ఉండదు.

స్టాప్‌వాచ్ (టెక్కలి)
ఎత్తు విషయంలో ఉద్దానం జీడిగారితో ఏకీభవించను. నేను కొలిచాను. పైఅంచు నుంచి ఒక నీటిముద్దను కంటితో పట్టుకొని కిందపడేదాకా సమయం చూశాను. మూడున్నర సెకన్లు. తొమ్మిదో తరగతి సూత్రం వేసుకోండి. అరవై మీటర్లు, అంటే దాదాపు 197 అడుగులు. వీడియోవాళ్లు చెప్పింది సరిగ్గా ఉంది.

లెక్కల మాస్టారు (శ్రీకాకుళం)
గుణకారం సరిగ్గానే చేశారు నాయనా. 4.9ని మూడున్నర వర్గంతో గుణిస్తే అరవైయే వస్తుంది. కానీ ఆ సూత్రం గాలి లేనిచోట పడే వస్తువుకు. రాయికైతే కొంతవరకు నడుస్తుంది. నీళ్లు అంచు దాటిన కాసేపటికే విడిపోయి చినుకులవుతాయి. పెద్ద వానచినుకైనా సెకనుకు తొమ్మిది మీటర్ల వేగం దగ్గర ఆగిపోతుంది, అంతకుమించి గాలి పోనివ్వదు. కాబట్టి నీళ్లు కిందికి చేరడానికి రాయికంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆ ఎక్కువ సమయాన్ని మీరు వర్గం చేశారు. ఎత్తు రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. మన రాష్ట్రంలో నీటిని గడియారంతో కొలిచిన జలపాతాలన్నీ ఇలాగే పెరిగాయని నా అనుమానం.

అలాగని పైనుంచి రాళ్లు వేయించకండి, కింద మనుషులుంటారు.

సరైన పద్ధతి చెబుతాను, పిల్లల జామెట్రీ పెట్టె చాలు. కోణమానిని మధ్య రంధ్రంలో దారం కట్టి చివర చిన్న బరువు వేలాడదీయండి. తిన్నని అంచు వెంబడి చూస్తూ జలపాతం పైఅంచును గురిపెట్టండి. దారం తొంభై దగ్గర నుంచి ఎంత జరిగిందో అది మీ కోణం. ఇప్పుడు పాదాన్ని కూడా అలాగే గురిపెట్టండి. చాలామంది ఈ రెండోది వదిలేస్తారు. గెడ్డ మనవైపు వాలి ఉంటుంది కాబట్టి జలపాతం పాదం మన కంటికంటే ఎత్తులో ఉండవచ్చు. మీరు నిలబడ్డ చోటు నుంచి పాదం దాకా దూరం కొలిచి, రెండు కోణాల టాంజెంట్ల తేడాతో గుణిస్తే ఎత్తు వస్తుంది. కంటి ఎత్తు కలపనక్కరలేదు, అది తేడాలో కొట్టుకుపోతుంది.

స్టాప్‌వాచ్
మాస్టారూ, రాష్ట్రంలో ఎత్తైనది తలకోన, 270 అడుగులు అంటారు. అదీ గడియారంతోనే కొలిచారా?

లెక్కల మాస్టారు
నేను కొలవలేదు కాబట్టి మాట్లాడను. కానీ మనవైపు వాళ్లు తలకోన పేరు చెప్పి దుడుమను మరిచిపోతారు. మాచ్‌ఖండ్ నది మీద, ఒడిశా సరిహద్దులో ఉంది, 175 మీటర్లు. 1955లో విద్యుత్కేంద్రం మొదలయ్యాక నీటిలో ఎక్కువ భాగం అటు పోతుంది. ఎత్తు అలాగే ఉంది, నీళ్లే తగ్గాయి. ఎత్తు ఒక్కటే చూసేవారికి ఇదొక జవాబు.

నర్సమ్మ (సాలూరు)
ఎత్తుల గొడవలో అసలు మాటలు మరిచిపోతున్నారు. ఏజెన్సీ ఆసుపత్రుల్లో పనిచేసినదాన్ని, చెప్పనివ్వండి.

పొదల్లో కూర్చోవద్దు, గడ్డిలో బట్టలు ఆరేయవద్దు. కంటికి కనపడనంత చిన్న పురుగు కుడుతుంది, నొప్పి తెలియదు. వారం పది రోజులకు జ్వరం, విపరీతమైన తలనొప్పి. చంకలోనో గజ్జలోనో నల్లటి పెచ్చు ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. తొందరగా చూపిస్తే మామూలు మాత్రలతో తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. మలేరియా కూడా అంతే, తిరిగివచ్చిన మర్నాడు రాదు. తరవాత ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుతో మొదట చెప్పాల్సిన మాట, "కొండల్లోకి వెళ్లి వచ్చాను" అని. విజయనగరంలో కూర్చున్న డాక్టరు అది ఊహించలేడు.

పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, గట్టిగా తాడు కట్టవద్దు. కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొని దించండి. అక్కడ ఫోను పలకదు. 108కి చెప్పాలంటే ఒకరు ముందు కిందికి దిగాలి. అందుకే ఇద్దరే వెళ్లడం నాకు నచ్చదు.

జలధార కింద తల పెట్టి నిలబడే సరదా మానుకోండి. నీళ్లతోపాటు రాళ్లు, కొమ్మలు కూడా పడతాయి. అలా తల పగిలి వచ్చినవాళ్లకు కుట్లు వేసిన చేతులివి.

నాగావళి గాలి
అమ్మ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మడుగులో పైనుంచి దూకవద్దు. లోతు ఎంతో, అడుగున బండ ఎక్కడుందో ప్రతి వరదకూ మారుతుంది. తెల్లగా నురగలు కక్కే చోట నీళ్లలో సగం గాలే, ఈత వచ్చినవాడు కూడా తేలడం కష్టం. దాటేటప్పుడు సంచి పట్టీలు వదులు చేసుకోండి, ప్రవాహానికి ఎదురుగా తిరిగి, కర్రతో అడుగు చూసుకుంటూ పక్కకు జరగండి. మోకాలు దాటితే వెనక్కి తిరగండి. నల్లగా మెరిసే బండ మీద ఎంత మంచి బూటైనా జారుతుంది. పొడిగా, గరుకుగా ఉన్నదాని మీదే కాలు పెట్టండి.

చంపావతి ఒడ్డు
వెళ్లివచ్చాం. అడిగి వదిలేయకూడదు కాబట్టి రాస్తున్నాను.

దసరా వెళ్లాక అల్పపీడనం లేని వారం చూసుకున్నాం. రేంజి కార్యాలయంలో పేర్లు రాసి ఇచ్చాం. గూడెంలో ఒక పెద్దాయన తోడు వచ్చారు, పేరు రాయను. చెప్పులు లేకుండా నడిచారు. మా చిన్నాన్నగారు ఆయన పక్కనే ముందు నడిచారు, మేమే వెనకబడ్డాం. దారిపొడవునా ఇద్దరూ పశువుల బేరాల గురించి మాట్లాడుకున్నారు. ఎలుగు విన్నదో లేదో గానీ, ఎద్దుల ధరలు మాకందరికీ కంఠతా వచ్చాయి.

జీడితోటలు దాటాక చల్లబడింది. అడ్డాకు తీగలు చెట్ల మీద నుంచి చెట్ల మీదికి అల్లుకొని ఉన్నాయి. గెడ్డ ఇసుకలో అక్కడక్కడ ఎర్రటి చారలు. మా తమ్ముడు భూగర్భశాస్త్రం చదివాడు. అవి గార్నెట్ రేణువులట, తూర్పు కనుమల ఖోండలైటు రాయి అరిగితే మిగిలేవి. పెద్దాయన అది విని, ఇంత ఎర్ర ఇసుక అమ్ముడుపోతే మేమిలా ఉండేవాళ్లమా అన్నారు.

తిత్లీకి కూలిన మానులు ఇంకా ఉన్నాయి. ఒకదాని మీద కొత్త మొక్కలు నడుం ఎత్తు పెరిగాయి. మూడో దాటు దగ్గర నీళ్లు మోకాలికి బెత్తెడు కింద ఉన్నాయి, దాటాం. ఆఖరి ఎక్కుడు గురించి జీడిగారు రాసింది తక్కువే.

జలపాతం రెండు పాయలు. ఎడమది నిండుగా నిలువునా పడుతుంది, కుడిది బండ మీద పాకుతూ దిగుతుంది. ఎదురుగా నిలబడితే మాట వినపడదు, చొక్కా తడిసిపోతుంది. వీడియోలో దీని చప్పుడు తీసేసి పాట ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.

మాస్టారూ, కొలిచాం. మడుగు అడ్డం కాబట్టి పక్క బండల మీదుగా బట్టలారేసే తాడు సాగదీశాం, ముప్పై ఆరు మీటర్లు. పైఅంచు కోణం 38 డిగ్రీలు, పాదం కోణం 4 డిగ్రీలు. లెక్కకు ఇరవై ఐదున్నర మీటర్ల పైచిలుకు, అంటే సుమారు 84 అడుగులు.

స్నానం చేయలేదు. ఒంటిగంటకు శిఖరం వైపు మబ్బు కమ్మింది. పెద్దాయన సంచి భుజాన వేసుకొని లేచారు, ఎందుకని కూడా చెప్పలేదు. మాలో ఒకరు చాలా గొణిగారు. దిగేటప్పుడు మధ్య దాటు దగ్గర నీరు కలక బారి ఉంది, పొద్దున అక్కడే అడుగున గులకరాళ్లు కనపడ్డాయి. గొణుగుడు అక్కడితో ఆగింది.

స్టాప్‌వాచ్
ఎనభై నాలుగేనా? ఎనిమిదంతస్తుల మేడంతేనని చెబితే ఎవరొస్తారు?

పెద్దగెడ్డ పక్క ఊరు
రాకపోతే మంచిదే కదా అన్నా.

లెక్కల మాస్టారు
అమ్మా, బాగా కొలిచారు. తాడును వాలు మీద సాగదీశారు గానీ, నాలుగు డిగ్రీల వాలుకు వచ్చే తేడా పది సెంటీమీటర్లు కూడా ఉండదు, వదిలేయండి. అసలు తేడా వేరేచోట ఉంది. పైఅంచు పాదానికి సరిగ్గా నిలువునా పైన ఉండదు, కాస్త వెనక్కి ఉంటుంది. మీరు కొలిచిన దూరం పాదం దాకానే. అంచు ఎన్ని మీటర్లు వెనక ఉంటే, మీటరుకు ముప్పావు మీటరు చొప్పున ఎత్తు పెరుగుతుంది. నాలుగు మీటర్లు వెనక ఉందనుకుంటే మరో పది అడుగులు కలుస్తాయి. ఎనభై నాలుగుకు తగ్గదు, తొంభై నాలుగైనా కావచ్చు. రెండు వందలు మాత్రం కాదు.

మీ లెక్క ప్రకారం రాయి పడితే రెండుంపావు సెకన్లు. స్టాప్‌వాచ్‌గారి నీళ్లకు మూడున్నర పట్టింది. గాలి ఎంత పనిచేసిందో చూడండి. పిల్లలకు చెప్పడానికి నాకొక మంచి లెక్క దొరికింది.

పెద్దగెడ్డ పక్క ఊరు
మీరు చూసింది కింది మెట్టు. పైన ఇంకొకటి ఉంది, కింది నుంచి కనపడదు. మా అడ్డుకట్ట అక్కడే. దాన్ని ఎవరూ కొలవవద్దు.

ఉద్దానం జీడి
చంపావతిగారూ, తిరిగి వెళ్లేటప్పుడు మందస కోవా కొన్నారా లేదా?

చంపావతి ఒడ్డు
కొన్నాం. పలాస చేరేలోపే అయిపోయింది. అందులో చిన్నాన్నగారి వాటా పెద్దది.

కొత్తవలస కుర్రాడు
ఇప్పుడే మొత్తం చదివాను. మేం ఆరుగురం, రైల్లో వద్దామనుకుంటున్నాం. మందస రోడ్డు స్టేషనులో అన్నీ ఆగుతాయా?

ఉద్దానం జీడి
ఆగవు. ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా పలాసలోనే ఆగుతాయి, అక్కడి నుంచి బస్సు పట్టుకోండి. ఆరుగురైతే గూడెంలో తోడుకు ఇద్దరిని అడగండి, కూలీ ఇద్దరికీ వేరువేరుగా ఇవ్వండి.